పాతర అడుగున చదివిన కథ

పోయిన శుక్రవారం ఇంటివాళ్ళు తమ పాత ఊరికి పోతూ నన్ను కూడా కారెక్కించుకున్నారు. ఇంటివాళ్ళంటే నా వాళ్ళు కాదు, ఈ అరబ్బు దేశంలో, బౌషర్‌లో నేను వంట చేసే ఇంటి యజమానులు. వాళ్ళ ముసలమ్మకు పుట్టి పెరిగిన ఇల్లు ఒకసారి చూడాలనిపించిందట. ఆమెను పట్టుకొని నడిపించడానికి ఒక మనిషి కావాలి, అక్కడ అన్నం వండడానికి ఒక మనిషి కావాలి. ఇద్దరి పనికి నన్నొక్కదాన్నే తీసుకుపోయారు. నాకూ అరవై దగ్గర పడింది. మోకాళ్ళు పొద్దున ఒక మాట చెప్తాయి, సాయంత్రం ఒక మాట చెప్తాయి.

కొండల మధ్య గంటన్నర ప్రయాణం. పాత ఇల్లు మట్టిది, సగం కూలింది. మిగిలిన సగంలో వంటింటి వెనక ఒక చిన్న గది ఉంది. కిటికీ లేదు. నేల మీద పక్కపక్కనే సన్నటి కాలువలు తీసి సున్నం పూశారు. వెనకటి కాలంలో ఖర్జూరాల మూటలు కాలువల మధ్య గట్ల మీద ఒకదానిపైన ఒకటి పేర్చేవాళ్ళట. బరువుకు పండ్లు ఒత్తుకొని, కారిన పాకం కాలువల్లోంచి వచ్చి మూలనున్న కుండలో పడేదట. ఇదంతా మామా చెప్పింది. మామా అంటే ముసలమ్మ కూతురు, ఇంటి యజమానురాలు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మేమంతా అట్లాగే పిలుస్తాం. ఆమె హిందీ, నా హిందీ రెండూ కుంటివే. ఇన్నేళ్ళలో ఒకదాన్నొకటి పట్టుకొని నడవడం నేర్చుకున్నాయి.

ముసలమ్మ గడప దగ్గర నా చేయి విడిపించుకొని లోపలికి పోయింది. గోడకు ఆనుకొని గట్టు మీద కూర్చుంది. తన భాషలో ఏదో చెప్పి, చూపుడు వేలు నాలుక మీద పెట్టుకొని నాకి చూపించింది. పళ్ళు లేని నోటితో చిన్నపిల్లలా నవ్వింది.

"ఏమంటుంది మామా?" అన్నాను.

"చిన్నప్పుడు ఇక్కడ దాక్కునేదట. ఇంట్లో ఎవరి మీదన్నా కోపం వస్తే వచ్చి కూర్చొని పాకం నాకేదట. నేను ఆమె కడుపున పుట్టి యాభై ఏళ్ళయింది, నాకీ మాట ఇప్పుడా చెప్పేది!"

"కడుపున పుట్టినవాళ్ళకు చెప్పరు మామా, అట్లాంటివి."

"నీకున్నాయా అట్లాంటివి?"

"నాకు వంటపని ఉంది" అని లేచాను.

కానీ అన్నం వండుతున్నంతసేపూ ఆ గది వాసన నన్ను వదల్లేదు. అందులో ఖర్జూరాలు పెట్టి ఎన్ని ఏండ్లయిందో, వాసన మాత్రం పోలేదు. తీపి, మట్టి, కొంచెం పులుపు, గాలాడని చోటు. ఆ వాసన నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో అది జొన్నల వాసన. అప్పటినుంచి ఈ ఇంటి పిల్లలు ఒకవైపే రాసి పారేసిన కాగితాలు ఏరుకొని, వెనకవైపు ఇది రాస్తున్నాను. ఐదో తరగతి దాటని చదువు నాది. తప్పులుంటే చదివేవాళ్ళే దిద్దుకోవాలి.

మాది కడప జిల్లాలో మెట్టచేల ఊరు. వాన పడితే జొన్న, పడకపోతే ఎదురుచూపు. పండిన జొన్నలు ఇంట్లో పెడితే ఎలుకలు తింటాయి, పురుగు తింటుంది, చుట్టాలు తింటారు అనేవాడు మా జేజినాయన, మా నాయనకు నాయన. అందుకని నేలలో దాచేవాళ్ళు. మా ఇంటిముందర పాతర ఉండేది. పైన మూతి ఒక మనిషి దిగేంత సన్నం. లోపల కడుపు కుండలాగా విశాలం. నిచ్చెన వేసుకొని దిగాలి. జొన్నలు నింపి, పైన చొప్ప పరిచి, నాపరాయి మూసి, మన్ను ఎత్తితే అక్కడ పాతర ఉందని కొత్తవాళ్ళకు తెలియదు. పిల్లలం దాని మీదే ఆడుకునేవాళ్ళం, కింద ఏడాది తిండి ఉందని మరిచిపోయి.

వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు పాతర తెరిచేవాళ్ళు. తెరిచిన రోజు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. లోపలి గాలి చెడ్డది, మనిషిని ఒక్క గుక్కలో పడేస్తుంది. ఒక పూట ఊరికే వదిలేసి, తాడుకు దీపం కట్టి దించేవాళ్ళు. దీపం ఆరిపోకుంటే మనిషి దిగొచ్చు. గోడల పక్కనున్న గింజలు నల్లబడి, ఒక రకమైన వాసన పట్టేవి. ఆ జొన్నలతో సంగటి కెలికితే వీధి చివరిదాకా తెలిసేది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు మొదటి ఏడాది ముక్కు మూసుకొని తినేవాళ్ళు, రెండో ఏడాది అడిగి పెట్టించుకునేవాళ్ళు. గోంగూర ఊరిబిండి నంజుకొని, మధ్యలో గుంట చేసి ఉలవచారు పోసుకొని తింటే, అంతకంటే పెద్ద తిండి ఉంటుందని నాకు తెలియదు. ఇప్పుడు ఈ ఇంట్లో మిగిలిన మాంసం పారేయమంటే సగం నా గిన్నెలోకి తీసి దాచుకుంటాను.

కథల్లో నేలమాళిగ అంటే నిధి ఉంటుంది. సొరంగం అవతల కోట ఉంటుంది, కోటలో ఎవరో ఒక రాజు బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. మా బడి అయ్యవారు అట్లాంటివి చెప్తుంటే నేను మా పాతర గురించే అనుకునేదాన్ని. అందులో ఉండేది మా అత్త. ఆమె ఏడ్చేది కాదు, గోడలు అలికేది.

అత్త మా నాయన చెల్లెలు. పెండ్లయిన రెండేండ్లకు మొగుడు కాలువ కింది ఊళ్ళో ఇంకొకామెను పెట్టుకొని, ఈమెను పుట్టింట్లో దింపి పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లోనే. తెల్లవారేసరికి నీళ్ళు తెచ్చేది, పేడ ఎత్తేది, చేనికి పోయేది, మా తమ్ముణ్ణి చంకన వేసుకొని రొట్టెలు కాల్చేది. మాట తక్కువ. "దానికి నోట్లో నాలుక యాడుండాది" అనేవాళ్ళు. అమ్మ పనిలో సగం ఆమె చేసేది, కాబట్టి నా పని ఎవరూ నాకు చెప్పేవాళ్ళు కాదు, కాబట్టి నేను బడికి పోయేదాన్ని. ఆ వరస నాకు ఏడెనిమిదేండ్ల వయసులోనే అర్థమైంది.

శివరాత్రి దాటిన తర్వాత, కొత్త జొన్నలు కళ్ళం నుంచి రాకముందు, పాతరను సిద్ధం చెయ్యాలి. ఎర్రమన్ను, పేడ కలిపి లోపల గోడలు అలకాలి. ఆరినాక వేపాకు పొగ పెట్టాలి. మూడు రోజుల పని. అత్త దాన్ని ఇరవై రోజులు చేసేది.

"నా కూతురు అలికితే చీమ కూడా దూరదు" అని జేజినాయన ఊరంతా చెప్పుకొనేవాడు.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. మధ్యాహ్నం బడి నుంచి తిండికి వచ్చినప్పుడు నేను కూడా నిచ్చెన దిగేదాన్ని, మన్ను అందించే వంకతో. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు పాతర మూతిలోంచి ఎండ గుండ్రంగా, పళ్ళెమంత, అడుగున పడేది. ఆ పళ్ళెంలో కాగితం పెట్టి నేను చదవాలి. ఎండ జరిగితే మేమూ జరగాలి. గోడ ఎక్కేదాకా చదువు, ఎక్కిందంటే అయిపోయినట్టే.

కాగితాలు శెట్టి అంగడివి. ఆయన పట్నం నుంచి పాత వారపత్రికలు తూకానికి తెచ్చుకొని పొట్లాలు కట్టేవాడు. మా అత్త జొన్నలు కొలిచి ఇచ్చి సామాను తెచ్చేది. అన్నీ విడివిడిగా కట్టించేది.

"జీలకర్రకొకటి, మిరియాలకొకటి, ఇంగువకొకటి కట్టు శెట్టీ."

"ఏమ్మా, నువ్వు సామానుకొస్తాండావా, పొట్లాలకొస్తాండావా?"

"కలిసిపోతే రుచి పోతాది. నువ్వు కట్టు."

ఇంట్లో పొట్లాలు విప్పి, కాగితాలు పొడువుగా మడిచి, పాతర గోడలో ఒక సందున దోపేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. బొమ్మ చూసి ఇది మన కథదే అని పట్టేది. కథలో పిల్లకు ఎడమ బుగ్గ మీద చుక్క ఉండేది, అది గుర్తు.

అది ఒక సీరియల్. పెండ్లయిన కొన్నాళ్ళకే మొగుడు ఇంకొకామె కోసం ఒక పిల్లను వదిలేస్తాడు, ఆమె కుట్టుమిషన్ పెట్టుకొని ఒంటరిగా బతుకుతుంది. కానీ శెట్టి పొట్లాలు వరసగా కట్టడు కదా, అందుకని మా కథ అడ్డదిడ్డంగా నడిచేది.

"అదేందిమే, పెండ్లికి ముందే ఇడిచిపెట్నాడా?" అనేది అత్త.

"పెండ్లి కాగితం ఇంకా రాలేదత్తా."

"నయం. పెండ్లి ఖర్చన్నా తప్పె."

కుట్టుమిషన్ అంటే ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. అయ్యవారి భార్యకు ఒకటి ఉండేది. "కూచ్చోని తొక్కడమేనా? అదీ ఒగ కష్టమేనా? ఈ పిల్లను మా చేనికి పంపియ్యమను, తెలుస్తాది" అని విసుక్కునేది. విసుక్కుంటూనే, ఆ పిల్ల ఒక్కతే దీపం ముందర కూర్చొని ఏడ్చిన భాగం నాతో నాలుగుసార్లు చదివించుకుంది. ఆ కాగితం ఇంగువ వాసన వచ్చేది. ఇప్పటికీ ఇంగువ డబ్బా తెరిస్తే నాకు ఆ పిల్ల ఏడుపే గుర్తొస్తుంది.

నా మొదటి అబద్ధానికి కారణం బెల్లం. ఒకనాడు బెల్లం కట్టిన కాగితం వచ్చింది. అత్త నిచ్చెన దిగేలోగా దానికి అంటుకున్న బెల్లమంతా నేను నాకేశాను. తడికి కాగితం పొరలు పొరలుగా లేచి, నడిమధ్య నాలుగు వరసలు పోయాయి. నాలుక మీద సిరా రుచి. అత్త వచ్చి కూర్చుంది.

"సదువు."

పై వరసలు చదివాను. చిరిగిన చోటు వచ్చింది. ఆగితే దెబ్బలు తప్పవు. బెల్లం అంటే మాటలా మా ఇంట్లో? ఆగకుండా నా నోటి నుంచే రెండు మాటలు చెప్పేసి కింది వరసలు అందుకున్నాను. అత్త గమనించలేదు. "బలే రాసినాడుమే ఈడ" అంది. ఆమె బాగుందన్నది నేను కల్పించిన చోటే. ఆ రోజు నాకు భయం వేసింది, తర్వాత గర్వమనిపించింది. ఆ తర్వాత దొరకని భాగాలు ఒకటొకటే నా నోట పుట్టడం మొదలుపెట్టాయి. వంటింటి చిట్కాలున్న కాగితమైనా, సబ్బు ప్రకటన అయినా, అందులోంచి ఆ పిల్ల కథే చదివేదాన్ని.

మేమట్లా చదువుకోవడం మొదలైన మూడో ఏడు, అలికే రోజుల్లోనే అత్త మొగుడి అన్న వచ్చాడు, వెంట ఇంకొక పెద్దమనిషితో. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. కాలువ కింది ఊరామె కాన్పులో పోయిందట. ఇద్దరు పసిబిడ్డలు.

"తల్లి లేక అల్లాడతాండారు పిల్లోళ్ళు" అన్నాడాయన. "మా వోనికి బుద్ధొచ్చిందిలే. జరిగిందేదో జరిగిపాయ. మీ కూతుర్ని పంపిస్తే..."

జేజినాయన ముఖం ఎప్పుడూ చూడనంతగా విప్పారింది. "పంపియ్యక ఏం చేస్తాం? మొగుడు పిలిపిస్తాండాడు. ఇంతకంటే ఏం గావల్ల ఆడదానికి?"

తలుపు వెనక నుంచి అత్త గొంతు వచ్చింది. అందరూ అటు తిరిగారు, గోడ మాట్లాడినట్టు. "పాతర అలకడం సగంలో ఉండాది. అది నింపే నాటికి చెప్తా."

"ఏమ్మా, సంసారం కంటే పాతర ఎక్కువైపాయనా?" అని పెద్దమనిషి నవ్వాడు. అందరూ నవ్వారు. నవ్వులో గడువు దొరికింది. పది రోజులు.

ఆ పొద్దే అమ్మ నాకు జడ వేస్తూ చెప్పింది. "మీ అత్త పోతే ఈ పిల్లోన్ని ఎత్తుకునేది నువ్వే. నీళ్ళు నువ్వే, పేడకళ్ళు నువ్వే. బడి గిడి ఏం లేదు."

మా బడిలో గట్టిగా, తడబడకుండా చదివేది నేనొక్కదాన్నే. ఇన్‌స్పెక్టరు వస్తే అయ్యవారు నన్ను నిలబెట్టేవాడు. అంతకు మించి నాకు ఏమీ లేదు. నాకు అదే చాలా ఎక్కువ.

మరునాడు పాతరలో అత్త అలకలేదు. చేతులు ఎర్రమట్టిలో పెట్టుకొని ఊరికే కూర్చుంది.

"మ్మే, ఆ పిల్ల కత యాడిదాకా వచ్చె?"

నాకు గుర్తుంది. మొగుడు వానలో పెట్టె పట్టుకొని ఆ పిల్ల గుమ్మం ముందర నిలబడతాడు. కింద 'సశేషం' అని ఉంది. ఆ తర్వాతి కాగితం దొరకలేదు. అత్త ఆ వారంలో రెండుసార్లు అంగడికి పోయి, అవసరం లేని వాము తెచ్చింది, సోంపు తెచ్చింది. రెండో పొట్లం కాగితం నా చేతిలో పెట్టింది. దాని మీద గులాబీ మొక్కలకు ఎరువు ఎట్లా వెయ్యాలో రాసి ఉంది. మూలన ఒక ఆడమనిషి బొమ్మ, చేతిలో పువ్వు. బుగ్గ మీద చుక్క లేదు. అత్త చుక్క కోసం చూడలేదు, నా నోరే చూస్తోంది.

"ఇదేనా?"

"ఇదే" అన్నాను.

ఎండ పళ్ళెంలో కాగితం పెట్టి, గులాబీల ఎరువు మీద వేలు పెట్టి జరుపుతూ చదివాను. ఆ పిల్ల తలుపు తెరిచింది. ఆయన్ను చూసింది. 'లోపలికి రాకు' అనింది. 'నీ పెట్టె నువ్వే మోసుకొని పో' అనింది. తలుపు వేసుకొని మళ్ళీ మిషన్ తొక్కింది.

"అట్లనే రాసినారా?"

"అట్లనే ఉండాది."

"ఇంగొగసారి సదువు."

రెండోసారి పెట్టెతో పాటు 'గొడుగు తీసుకొని పో' అని కూడా అన్నాను.

"గొడుగు యాడిదిమే? ఇందాక లేదే."

"వాన గదత్తా."

ఆమె తల ఊపింది. ఎండ గోడ ఎక్కింది. అప్పుడు నెమ్మదిగా అడిగింది. "అచ్చేసినారంటే, పెద్దపెద్దోళ్ళు నలుగురు సదివి, సరే అంటేనే గదా ఏస్తారు? పట్నంలో?"

ఆమె నమ్మకం అది. ఊళ్ళో పంచాయతీ జరిగితే పెద్దమనుషులు ఒప్పుకుంటేనే కాగితం మీద వేలిముద్ర పడుతుంది. అచ్చుపడిందంటే అంతకంటే పెద్ద పంచాయతీ ఏదో ఎక్కడో జరిగి, ఆడది అట్లా అనొచ్చని ఒప్పుకున్నారని ఆమె అర్థం చేసుకుంది.

"ఊ" అన్నాను.

ఇక రెండు రోజులకు పాతర నింపుతారనగా, తమ్ముడికి కడుపునొప్పి అని నన్ను శొంఠికి పంపారు. శెట్టి కట్టిచ్చిన పొట్లం మీద చుక్క ఉన్న బుగ్గ కనిపించింది. శొంఠి పరికిణీ ఒడిలో పోసుకొని, నడివీధిలో నిలబడి చదివాను. అదే వాన, అదే గుమ్మం. ఆ పిల్ల తలుపు తెరిచి, ఆయన చేతిలోని పెట్టె తాను అందుకొని, ఆయన కాళ్ళ మీద పడింది. కన్నీళ్ళు, దీపం. కింద 'సమాప్తం'. కొంచెం కూడా చిరగని కాగితం, అంత శుభ్రమైనది మాకు ఎప్పుడూ దొరకలేదు.

ఇది చదివి వినిపిస్తే అత్త పోతుంది. అత్త పోతే బడి పోతుంది. నాకు ఇంతే తోచింది. ఆమెకు ఏది మంచిదని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఈ మాట రాయకుండా దాటేయొచ్చు, కానీ రాయాలి. ఎవరూ లేనప్పుడు పాతర దిగాను. ఒక పక్క గోడ అప్పుడే అలికినట్టుంది, తడి ఆరలేదు. కాగితాన్ని ఆ తడిలోకి అరచేత్తో అదిమి, పైన ఇంకొంచెం మన్ను పూసి, అత్త వేళ్ళ గుర్తుల్లాగే నా వేళ్ళతో గీతలు గీశాను. గీతలు చిన్నవి. అంతా అయ్యాక గానీ నాకది కనపడలేదు. ఎవరూ చూడలేదు.

నింపే రోజు ఇంటిముందర జనం. కళ్ళం నుంచి గంపలు వస్తున్నాయి, దుమ్ము, చెమట, బెల్లం నీళ్ళు. అత్త మొగుడి అన్న మళ్ళీ వచ్చాడు, ఈసారి బండి కట్టుకొని, ఆమెను ఎక్కించుకొని పోదామని.

"ఏమ్మా, నింపడం అయితాంది. బయలుదేరు."

అత్త ముందరికి వచ్చింది. తలుపు వెనక కాదు, నలుగురి మధ్యకే. కొంగు భుజం చుట్టూ లాక్కొని, "నేను రాను బావా. ఆయప్ప పెట్టె ఆయప్పనే మోసుకోమను" అంది.

"ఏం పెట్టె?" అన్నాడాయన.

ఎవరికీ అర్థం కాలేదు. జేజినాయన చేతిలోని గంప అట్లాగే ఆగింది. "ఏం మాట్లాడతాండావే? ఏం పెట్టె? ఎవురు నేర్పిచ్చినారు నీకీ మాటలు?"

నేను జొన్నల రాశి వెనక ఉన్నాను. అత్త కళ్ళు నా వైపు తిరిగితే చచ్చిపోయేదాన్ని. తిరగలేదు.

"ఎవురూ నేర్పిచ్చలేదు. నా నోరే."

"మొగుడొద్దనుకున్నేదానికి నా మిద్దె కింద సోటు లేదు" అన్నాడు జేజినాయన. కోపంగా కూడా అనలేదు, వాన రాదేమో అన్నట్టు అన్నాడు. అందుకే ఎవరూ అడ్డం చెప్పలేదు. మా నాయన నేల చూశాడు. అమ్మ తమ్ముణ్ణి గట్టిగా చంకకు లాక్కుంది. గంపలు మళ్ళీ కదిలాయి, జొన్నలు గలగలమని లోపలికి పడ్డాయి.

అత్త మరునాడే ఒక మూట కట్టుకొని నాపరాళ్ళ గనులున్న ఊరికి నడిచిపోయింది. అక్కడ దూరపు చుట్టం ఒకామె ఉండేది. బండలు మోసే పని దొరికింది. నా బడి ఆ సోమవారమే ఆగింది. తమ్ముడు నా చంకకు వచ్చాడు, బిందె నెత్తికి వచ్చింది. అయ్యవారు ఒకసారి ఇంటికి వచ్చి అడిగి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. దేనికోసం అబద్ధమాడానో అది దక్కలేదు. ఆ ఏడు పాతర తెరిచి వండిన సంగటి ముందర నేను చాలా రోజులు కూర్చోలేకపోయాను. కొన్నేండ్లకు సంచుల్లో బియ్యం రావడం మొదలైంది, జొన్న వెయ్యడం మానేశారు, పాతర పూడ్చేశారు. ఇప్పుడు దాని మీద సిమెంటు రోడ్డు.

నాకు పెండ్లి చేశారు. నా మొగుడు తాగేవాడు, కొట్టేవాడు. మూడుసార్లు పుట్టింటికి వచ్చాను, మూడుసార్లూ ఆయన గుమ్మంలో నిలబడగానే వెనక్కి పోయాను. నాకు శుభ్రంగా అచ్చైన ఆ శొంఠి కాగితమే తెలుసు కదా. ఆయన పోయాక బిడ్డల కోసం ఈ దేశం వచ్చాను. ఇక్కడి నుంచి మొదటిసారి సెలవు మీద ఇంటికి పోయినప్పుడు, అత్తను చూడడానికి గనుల ఊరికి పోయాను. ఒక పొట్లం ఖర్జూరాలు, నొప్పుల మందు తీసుకుపోయాను.

ఆమె గది నాపబండలు నిలబెట్టి కట్టుకున్నది. పైన రేకులు. ఇద్దరు పడుకుంటే నిండిపోతుంది. లోపలికి పోయి గోడలు చూశాను. నాలుగు వైపులా, నేల నుంచి రేకుల దాకా, వారపత్రికల కాగితాలు అంటించి ఉన్నాయి. కొన్ని తలకిందులుగా ఉన్నాయి.

"ఎవరు చదువుతారత్తా ఇవన్నీ?"

"ఎవురూ సదవరు. ఉండనీలే, తోడు మాదిరి ఉంటాయి."

నడుం వంగిపోయింది, వేళ్ళు బండలకు నలిగి వంకరపోయాయి. కానీ తలుపు ఆమెది. లోపల గడియ ఉంది. ఎవరు పిలిచినా వెంటనే లేవలేదు. నాకు కాఫీ కలిపి ఇచ్చి, పీట మీద కూర్చొని ఖర్జూరం నములుతూ ఉంది.

ఇక దాచలేక చెప్పాను. గులాబీల ఎరువు సంగతి, శొంఠి పొట్లం సంగతి, తడి గోడ సంగతి. బడి కోసమే చేశానని కూడా చెప్పాను. నీ బతుకు నా నోటి మాట మీద పోయిందత్తా అన్నాను.

ఆమె నమలడం ఆపింది.

"అయితే ఆ పిల్ల ఆయప్పను లోపలికి రానిచ్చిందా?"

"రానిచ్చింది."

"పెట్టె తీసుకునిందా, ఆయప్ప చేతిలోంచి?"

"తీసుకుంది. కాళ్ళ మీద పడింది."

తిట్టు కోసం కాచుకొని ఉన్నాను. ఇన్నేండ్లూ ఆ తిట్టు మోసుకొని తిరిగాను, అది నా మీద పడితే దించుకోవచ్చు అనుకున్నాను. అత్త నా ముఖంలోకి చూస్తూ ఖర్జూరపు గింజ చేతిలోకి ఉమ్మింది.

"పాపం" అంది. "దానికి వద్దని సెప్పేవాళ్ళు ఒగరన్నా లేకపాయిరే."

కాఫీ చల్లారిపోతోందని మందలించింది. తాగాను.